పేరు, ఉనికి: తూర్పుతీర క్రైస్తవ వాఙ్మయమున ఆత్మాభిజ్ఞానము

క్రైస్తవ మతమును స్వీకరించిన తెలుగువాడు తన నిజస్వరూపమును పొందెనా, పోగొట్టుకొనెనా అను ప్రశ్న మన సాహిత్యచర్చలలో తరచుగా వినవచ్చునదే. మతపక్షమువారు పొందెనందురు. పాత మనిషి మరణించి క్రొత్త మనిషి జన్మించెనని వారి సిద్ధాంతము. సంస్కృతీపక్షమువారు పోగొట్టుకొనెనందురు. పేరు మారినది, పండుగ మారినది, పాట మారినది, కావున మనిషియు మారిపోయెనని వారి వాదము. పరస్పర విరుద్ధములుగా కనిపించు ఈ రెండు పక్షములకును ఒక సమానాంశము కలదు. మతము మారిన క్షణమున మనిషి రెండుగా చీలుననియు, ముందటివాడు వేరు, తరువాతివాడు వేరనియు ఉభయులును అంగీకరింతురు. వారి తగవెల్ల ఆ ఇద్దరిలో అసలువాడెవడన్న విషయమున మాత్రమే.

తెలుగువారి క్రైస్తవానుభవమును చిత్రించిన ఉత్తమ రచనలు ఈ చీలికను ఒప్పుకొనవని చూపుట ఈ వ్యాసోద్దేశము. విశ్వాసమున మనిషి తన్ను తాను కనుగొనుట క్రొత్త వేషమును ధరించుట కాదు. మరచినదానిని, లేక ఇతరులు మరపించినదానిని గుర్తించుట. మన ఆలంకారికులకు సుపరిచితమైన మాటలో చెప్పవలెనన్న, అది అభిజ్ఞానము. శకుంతల ఉంగరము దొరకిన పిదప దుష్యంతునకు క్రొత్త భార్య లభింపలేదు. ఉన్న భార్యయే గుర్తునకు వచ్చినది. ఉంగరము నిమిత్తమాత్రము. ఇచ్చట విశ్వాసమునకును అట్టి నిమిత్తత్వమే కలదని నా ప్రతిపాదన. ఐతే ఉంగరము దొరకినంతమాత్రమున కథ ముగియలేదనియు మరువరాదు. గుర్తించినవాడు వెదకికొనుచు పోవలసియున్నది.

ఈ సందర్భమున ఒక భాషాంశము గమనింపదగినది. లూకా సువార్త పదునైదవ అధ్యాయమున తప్పిపోయిన కుమారుని ఉపమానము కలదు. పందుల మేతకు ఆశపడు దశకు దిగజారిన ఆ యువకుడు తండ్రిని తలచుకొనిన క్షణమును గ్రీకు మూలము వర్ణించు తీరు విలక్షణము. అతడు తనలోనికి తాను వచ్చెనని దాని భావము. మన అనువాదకులు దీనికి బుద్ధి వచ్చుట యను తెలుగు జాతీయమును వాడిరి. జాతీయము సహజమైనదే, కాని అర్థము ఒకింత ప్రక్కకు ఒరిగినది. బుద్ధి వచ్చుట యనగా తప్పు తెలిసికొనుట. తనలోనికి తాను వచ్చుట యనగా తానెవడో తెలిసికొనుట. మొదటిది నీతికి సంబంధించినది, రెండవది ఉనికికి సంబంధించినది. తెలుగు క్రైస్తవ ప్రబోధము చిరకాలము మొదటి అర్థము చుట్టును తిరుగగా, రెండవ అర్థమును అన్వేషించిన భారము సృజనాత్మక సాహిత్యముపై పడినది.

ఈ అన్వేషణకు రంగస్థలమైన ప్రదేశమును మొదట పరిచయము చేసికొందము. శ్రీహరికోట ఒక పొడవాటి ద్వీపము. తూర్పున బంగాళాఖాతము, పడమట పులికాటు సరస్సు, బకింగ్‌హామ్ కాలువ. నేటి పాఠకునకు ఈ పేరు 1971 నుండి జరుగుచున్న రాకెట్టు ప్రయోగములను స్ఫురింపజేయును. 2022 వరకు నెల్లూరు జిల్లాలోనుండిన ఈ ప్రాంతము నేడు తిరుపతి జిల్లాలోనిది. సరస్సునకు దక్షిణాగ్రముననున్న పులికాటు రేవున డచ్చి వర్తకులు 1613లో కోటను నెలకొల్పుకొనిరి. 1632 నుండి 1642 వరకు అచ్చట వారి మతగురువుగా నుండిన అబ్రహాము రొజేరియసు, పద్మనాభుడను బ్రాహ్మణుని సాయమున ఈ దేశపు మతాచారములను తెలిసికొని డచ్చి భాషలో గ్రంథము వ్రాసెను. అది 1651లో, అతని మరణానంతరము వెలువడినది. భర్తృహరి సుభాషితములు ఐరోపా భాషలోనికి మొదటిసారిగా పోయినది ఆ గ్రంథముద్వారానే. అనగా ఈ తీరమున క్రైస్తవుడు వేసిన తొలి ప్రశ్న వీరెవరు? అనునది. నేనెవడను? అను ప్రశ్న ఈ నేలపై పుట్టినవారి నోట, క్రైస్తవ సందర్భమున వినబడుటకు మరి రెండు శతాబ్దములు పట్టినది. ఆ ప్రశ్నను వేసినది పద్మనాభునివంటి పండితుడు కాదు, ఊరి వెలుపలి మాదిగ.

అమెరికను బాప్తిస్టు మిషనరీలు 1840లో నెల్లూరున స్థిరపడిరి. వారిలో జాన్ ఎవరెట్ క్లౌ దొర 1866లో ఒంగోలు చేరెను. అతని ఆత్మకథాత్మక గ్రంథము 1914లో, అతడు గతించిన నాలుగేండ్లకు, భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ కలముమీదుగా వెలువడినది. అంతకుముందే, 1899లో, ఆమె మాదిగల గాథలను చెప్పులు కుట్టుచుండగా అను అర్థము గల పేరుతో ప్రకటించియుండెను. ఈ రెండు గ్రంథములును ఇంగ్లీషున వ్రాయబడినవే ఐనను, తెలుగు సాహిత్య విద్యార్థి వానిని ఉపేక్షింపరాదు. అందు ఎర్రగుంట్ల పేరయ్య యను మాదిగ కథ కలదు.

పేరయ్య 1866లో బాప్తిస్మము పొందెను. ఆ ప్రాంతపు మాదిగలలో క్రైస్తవోద్యమమునకు అతడే ఆద్యుడు. ఐతే అతడు అంతకుముందు మతశూన్యుడు కాడు. రాజయోగ మార్గమున సాధన చేసినవాడు. గురువుల నాశ్రయించి, ఏకేశ్వరుని గూర్చి విచారించినవాడు. ఎమ్మా క్లౌ గ్రంథము ఈ పూర్వచరిత్రకు విశేష ప్రాధాన్యము నిచ్చుట దాని గొప్పతనము. మిషనరీ రచనలలో మతాంతరమునకు పూర్వమున్న జీవితమును కేవలము చీకటిగా చూపుట వాడుక. ఇచ్చట అట్లు కాక, పేరయ్య వెదకుచుండిన వస్తువు అతనికి దొరకినట్లు చిత్రింపబడినది. వెదకినవాడు లేక దొరకుట యుండదు గదా! పైగా అతని పేరు మారలేదు. బాప్తిస్మమునకు ముందును పేరయ్యయే, తరువాతను పేరయ్యయే.

మరి మారినదేమి? క్లౌ తన సంఘమున చేరువారికి ప్రధానముగా మూడు నియమములు పెట్టెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. పైపై చూపునకు ఇవి మతాచారములు మాత్రమే. గ్రామవ్యవస్థ నెరిగినవారికి వీని లోతు తెలియును. ఆదివారము విశ్రాంతి కోరుట వెట్టిచాకిరిని ప్రశ్నించుట. చచ్చిన పశువును తినననుట మాదిగకు ఊరు అంటగట్టిన నిర్వచనమును త్రోసిపుచ్చుట. విగ్రహమును పూజింపననుట గ్రామదేవత జాతరలో డప్పు కొట్టు విధిని మానుకొనుట. మూడును నిరాకరణములే. తాను ఎవడో చెప్పుకొనుటకు ముందు, తాను ఎవడు కాడో చెప్పు ధైర్యము ఆ మూడు వాక్యములు వానికి ప్రసాదించినవి. ఉపనిషత్తుల నేతి నేతి మార్గము వీథిలోనికి వచ్చినచో ఇట్లుండునేమో!

ఇందు ఒక లోపమును కూడ చెప్పక తప్పదు. పేరయ్య కథను పేరయ్య చెప్పలేదు. అతడు చెప్పినది దొరసాని విన్నది, విన్నదానిని పరభాషలో వ్రాసినది. పాటకుల భక్తిశ్రద్ధలు కదలవలెనను లక్ష్యము ఆ వ్రాతను అడుగడుగున నడపినది. అభిజ్ఞానము కలిగినది ఒకరికి, దానిని వర్ణించినది మరియొకరు. ఆత్మకథ పరకథగానే మిగిలినది.

1876–78 సంవత్సరముల కరువు ఈ చరిత్రలో ఒక మలుపు. రాయలసీమవాసులు ధాత కరువని నేటికిని చెప్పుకొను ఆ క్షామమున, ప్రభుత్వము బకింగ్‌హామ్ కాలువ పనులను క్షామనివారణ పనులుగా సాగించెను. నాటి మదరాసు గవర్నరు పేరే ఆ కాలువకు పెట్టిరి. క్లౌ మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, తన మాదిగ బోధకులను పనిపై నిలిపెను. అన్నము కొరకు మతము మారిరన్న నింద రాకుండుటకై, కరువు పని సాగినంతకాలము ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. పని ముగిసిన పిదప, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ తీరమున వెల్లంపల్లి వద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మిషనరీ వాఙ్మయమంతయు ఈ సంఖ్యను కీర్తించినది. సంఖ్య ఘనమైనదే. కాని 2,222 అను అంకెలో ఒక్క పేరును వినబడదు. తన్ను తాను కనుగొనుట ఒక్కొక్కని విషయము. లెక్క పెట్టుట గుంపు విషయము. ఈ రెంటి నడుమ నుండిన అగాధమును పూడ్చుటకు సాహిత్యము అవసరమైనది.

ఆ పూడ్చుటకు యత్నించినవారిలో పురుషోత్తమ చౌదరి తొలితరమువాడు. 1803లో బ్రాహ్మణకులమున జన్మించి, 1833లో బాప్తిస్మము పొంది, 1890 వరకు జీవించిన ఈ కవి కీర్తనలు నేటికిని తెలుగు సంఘములలో పాడబడుచున్నవి. రాగతాళ నిర్దేశముతో కూడిన ఆ కీర్తనలు త్యాగరాజాదుల సంప్రదాయమునకు దాయాదులు. భక్తుని దైన్యము, ఆర్తి, శరణాగతి మన వాగ్గేయకారుల బాణిలోనే సాగును. విశ్వాసము క్రొత్తది, గొంతు పాతది. చీలికావాదమునకు ఇదియొక సమాధానము. ఐనను కీర్తనలోని నేను పాపియైన నేను. అందరికిని చెందిన నేను. ఆ సామాన్యత వలననే కీర్తన సమూహగానమునకు పనికివచ్చినది. ఆ సామాన్యత వలననే ఊరు, వాడ, కులము అను విశేషములు అందు చొరజాలకపోయినవి.

ఈ విశేషములను కావ్యమున ప్రతిష్ఠించినవాడు గుఱ్ఱం జాషువ. 1895లో వినుకొండలో యాదవ తండ్రికిని మాదిగ తల్లికిని పుట్టి, బైబిలు నామమును ధరించి, సంస్కృతాంధ్ర కావ్యములను సాధించిన ఈ కవి జీవితమే మన సమస్యకు ఉదాహరణము. గబ్బిలము కథానాయకుడు అరుంధతీసుతుడు. అతనికి కవి పేరు పెట్టలేదు. దేవాలయమున ప్రవేశము లేని అతడు, గుడిలోనికి నిరాటంకముగా పోగల గబ్బిలముద్వారా కాశీ విశ్వేశ్వరునకు తన మొర విన్నవించుకొనును. క్రైస్తవ కవి తన నాయకుని మొరను శివునకు వినిపించుటేల? ఇది విమర్శకులను వేధించిన ప్రశ్న. జాషువ నాడు ఇంకను హిందూ సంస్కారమున నుండెననియు, క్రీస్తు చరిత్ర వ్రాయుటతో స్వగృహమునకు మరలెననియు కొందరు సమాధానపడవచ్చును.

ఈ సమాధానము నాకు రుచింపదు. మొరను వినిపింపవలసినది తలుపు మూసిన ఇంటివారికే. ప్రక్కయింటివానికి చెప్పుకొనినచో అది సానుభూతిని మాత్రమే తెచ్చును, న్యాయమును తేదు. గబ్బిలమున శివుని సంబోధించుట కవి మతమునకు సూచన కాదు, అభియోగమునకు చిరునామా. క్రీస్తు చరిత్రను ఈ దృష్టితో చదివినచో రెండు కావ్యముల సంబంధము స్పష్టపడును. మొదటిదానిలో మనిషి దేవుని గుమ్మము వద్దకు వార్త పంపును. రెండవదానిలో దేవుడే గుమ్మము దాటి కుష్ఠరోగుల నడుమకు, జాలరుల నడుమకు వచ్చును. ఒకటి ప్రశ్న, మరియొకటి ఉత్తరము. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ క్రీస్తు చరిత్రను సత్కరించినది. నా అభిప్రాయమున, ఆ సత్కారము గబ్బిలమునకు కూడ చెందదగినది; ప్రశ్న లేని ఉత్తరమునకు విలువ యేమి?

ఐతే క్రీస్తు చరిత్ర ఇచ్చు ఉత్తరము గలిలయ తీరమున వినిపించును, వినుకొండలో కాదు. ప్రౌఢమైన పద్యశిల్పము పాలస్తీనా కథను తెలుగు చేసినది కాని, తెలుగు మాలమాదిగ పల్లెలోనికి ఆ కథను నడిపింపలేదు. కవి కూడ దీనిని గ్రహించియే కాబోలు, తన్ను కులమతముల గిరిలో ఇమడని విశ్వనరునిగా ప్రకటించుకొనెను. అది ఉదాత్తమైన ప్రకటన. కాని విశ్వనరునకు ఊరు ఏది? ఏ ఊరికిని చెందనివాడు అన్ని ఊళ్లకును చెందుట సాధ్యమా? జాషువ ఈ ప్రశ్నను మనకు వదలిపోయెను.

2000 సంవత్సరమున వెలువడిన జి. కళ్యాణరావు నవల అంటరాని వసంతము ఈ ప్రశ్నను ఎత్తికొనినది. అందు ఎన్నెలదిన్ని యను ఊరు కలదు. రూతు కథ చెప్పును. భర్త రూబేను వలన విన్నదానిని, తాను కన్నదానిని కలిపి, రూబేను తాత ఎల్లన్న మొదలుకొని తరతరముల చరిత్రను ఆమె జ్ఞప్తి చేసికొనును. ఎల్లన్న పాటగాడు, ఆటగాడు. అతని కొడుకు శివయ్య కరువున ఊరు విడిచి, బకింగ్‌హామ్ కాలువ త్రోవ పట్టును; క్రైస్తవుడై సీమోను అగును. మిషనరీ గ్రంథములు 2,222 అని లెక్కించిన గుంపునుండి నవలాకారుడు ఒక్క మనిషిని వెలికి తీసి, వానికి తండ్రిని, తాతను, పాటను ఇచ్చెను. శ్రీహరికోట ప్రక్కగా పారు ఆ కాలువ తెలుగు సాహిత్యమున కేవలము జలమార్గము కాదు. శివయ్య సీమోనైన త్రోవ.

ఈ నవలలో అత్యంత శక్తిమంతమైన అంశము స్మరణము. శివయ్య సీమోనైనను ఎల్లన్న కొడుకు కాకపోలేదు. రూబేను అను బైబిలు నామమును ధరించినవాడు తన తాత పాటలను మరువక భార్యకు చెప్పుట, బైబిలు నామమే గల ఆమె ఆ పాటలను మనకు చెప్పుట, చీలికావాదమునకు సంపూర్ణ ఖండనము. క్రొత్త పేరు పాత స్మృతిని చెరుపలేదు. అంతేకాక దానిని భద్రపరచినది. ఊరు వీరికి కులముపేరును మాత్రమే ఇచ్చినది. వంశవృక్షము రాజులకు, కరణములకు ఉండునది. మొదటిసారిగా వెలివాడవానికి వంశచరిత్ర కలిగినది. దానిని చెప్పినది క్రైస్తవ స్త్రీ. పేరయ్య కథలో నేను చూపిన లోపము ఇచ్చట తీరినది. కథ ఇంటివారి నోటనే, ఇంటి భాషలోనే వెలువడినది.

గుణమును చెప్పినట్లే దోషమును చెప్పుట విమర్శకుని విధి. నవల ఉత్తరార్ధమున తరతరముల ప్రయాణము విప్లవోద్యమము వైపు సాగును. మతములోనికి పోయినను కులము వెంటాడుటను రచయిత నిర్దాక్షిణ్యముగా చూపెను. అది సత్యము, చెప్పవలసినది. కాని దానినుండి విశ్వాసము ఒక మజిలీ మాత్రమేయనియు, గమ్యము వేరొకటియనియు తేల్చుటలో ఒక చిక్కు కలదు. మజిలీ దాటినవాడు మజిలీని వదలివేయును. అప్పుడు సీమోను విశ్వాసము పసితనపు భ్రమగా కుదించుకొనిపోవును. పాత మనిషి మరణించి క్రొత్త మనిషి పుట్టెనన్న మిషనరీ సూత్రమే ఇచ్చట వేషము మార్చుకొని వచ్చినది. దేవుని స్థానమున చరిత్ర నిలిచినది. చీలిక మాత్రము అట్లే యున్నది. అదృష్టవశమున రూతు గొంతు ఈ సూత్రమునకు లొంగదు. ఆమె సీమోనును ప్రేమించినంతగా, ఎల్లన్నను గౌరవించినంతగా, తన తరువాతివారిని అర్థము చేసికొనును. రచయిత సిద్ధాంతముకంటె అతని పాత్ర పెద్దది. నవల నిలిచినది ఆమె వలననే.

ఇది కేవలము సాహిత్యచర్చ యని అనుకొనరాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులములవారిగా హిందువులను మాత్రమే గుర్తించినది. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ గుర్తింపు విస్తరించినది. క్రైస్తవులకు విస్తరింపలేదు. ఆంధ్రదేశమున షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని, వారి సంతతిని వెనుకబడిన తరగతులలో సి వర్గముగా లెక్కించుచున్నారు. అనగా చట్టము కూడ చీలికావాదమునే అంగీకరించినది: బాప్తిస్మముతో మాదిగ మాదిగ కాకపోవునని. ఊరు మాత్రము ఆ ఉత్తర్వును చదువలేదు. పాఠశాల రిజిస్టరులో ఒక పేరు, సంఘపు రిజిస్టరులో మరియొక పేరుతో జీవించు కుటుంబములు ఈ చట్టమునకును ఊరికిని నడుమ చిక్కినవి. తానెవడో తెలిసికొనినవాడు దానిని బహిరంగముగా చెప్పుకొనజాలని స్థితి ఇది. శకుంతలకు ఉంగరము పోవుటచే కష్టము కలిగినది. వీరికి ఉంగరము చూపుటచే కష్టము కలుగుచున్నది.

ఈ రచనలను వరుసగా చదివినచో ఒక క్రమము గోచరించును. పేరయ్యకు అభిజ్ఞానము కలిగినది, కాని మాట పరులది. చౌదరి కీర్తనలో మాట స్వంతము, కాని నేను సామాన్యము. జాషువలో నేను విశేషము, కాని ఊరు అదృశ్యము. కళ్యాణరావు నవలలో ఊరు, వంశము, మాట మూడును కలవు. విశ్వాసమునకు తగిన చోటు మాత్రము సందేహాస్పదము. ఈ నాలుగును సమకూరిన గ్రంథము, అనగా తన పల్లెను, తన తాతలను, తన దేవుని ఒక్క శ్వాసలో చెప్పుకొను తెలుగు గ్రంథము, నా ఎరుకలో లేదు.

పరిశోధక విద్యార్థులకు ఇచ్చట విశాలమైన క్షేత్రము కలదు. సూళ్లూరుపేట మొదలు ఒంగోలు వరకుగల సంఘముల పాత రిజిస్టరులు, సమాధులపై చెక్కిన పేర్లు, వృద్ధుల నోట నిలిచిన కుటుంబగాథలు సేకరింపవలసి యున్నవి. ఏ తరమున పేరు మారినది, ఏ తరమున తాత పేరు మనుమనికి మరల వచ్చినది అను ఒక్క అంశమును పరిశీలించినను విలువైన ఫలితములు చేకూరును. శ్రీహరికోటకు పురాతన నివాసులైన యానాదుల గాథలను కూడ ఈ అన్వేషణలో చేర్చుట ఉచితము. ప్రయోగకేంద్రము నెలకొన్నప్పుడు ద్వీపమును విడువవలసివచ్చినవారికి పేరుతోపాటు ఊరును ప్రశ్నయైనది. మనిషి తన్ను తాను కనుగొనెనా లేదా యని నిర్ణయించు అధికారము మతాచార్యునకు లేదు, చట్టమునకు లేదు, విమర్శకునకును లేదు. అతడు చెప్పుకొనిన కథను శ్రద్ధతో విని, అది పూర్తిగా చెప్పబడెనా యని పరీక్షించుటయే మన పని.